సస్పెన్స్ నవల: యాప్‌లో సీరియలా, నేరుగా పుస్తకమా?

నా రెండో నవల అచ్చయినప్పటి నుంచి కొత్తగా రాస్తున్నవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే. "యాప్‌లో భాగాలుగా పెట్టమంటారా, పూర్తిచేసి పుస్తకం వేయమంటారా?" చెన్నైలో ఉండి తెలుగులో రాసేవాళ్ళకు ఈ ప్రశ్న ఇంకాస్త బరువు. 1914లో ఆంధ్రపత్రిక ఈ ఊరికి తరలివచ్చింది. 1938లో ఆంధ్రప్రభ ఇక్కడే పుట్టింది. రాతప్రతి చంకలో పెట్టుకుని బస్సెక్కితే పత్రికాఫీసు ముందు దిగగలిగిన ఊరు ఇది. ఇప్పుడు తెలుగు పత్రికలు, ప్రచురణకర్తలు ఎక్కువగా హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నారు. మనకు చేతికందే దూరంలో ఉన్నది ఫోనొక్కటే.

నేను రెండు దారులూ నడిచాను. మొదటి నవల ఒక యాప్‌లో సీరియల్‌గా వచ్చింది, రెండోది సొంత డబ్బుతో వేసుకున్నాను.

పాఠకులు కావాలంటే యాప్‌దే పైచేయి, సందేహం లేదు. రాత్రి భాగం పెడితే తెల్లారేసరికి అనంతపురం నుంచి, దుబాయి నుంచి అభిప్రాయాలు వచ్చేవి. పుస్తకానికి ఆ వేగం రాదు. 300 ప్రతులు వేస్తే అవి పాఠకుల ఇళ్ళకు చేరడానికి ఏడాది దాటింది. దుకాణాల కమీషన్, పార్సిల్ ఖర్చు పోగా చేతికొచ్చింది అచ్చు ఖర్చుకు సరిపోయిందంతే. కుటుంబ కథో ప్రేమకథో రాసేవాళ్ళయితే ఇక్కడే చదవడం ఆపి హాయిగా యాప్‌కు వెళ్ళవచ్చు.

సస్పెన్స్‌కు మాత్రం నేను చూసేది వేరు. వెనక్కి వెళ్ళి ఆధారాన్ని సర్దుకునే వీలు రచయితకు ఎంతకాలం ఉంటుంది? నా లెక్కలో తేల్చేది ఇదే.

నా మొదటి నవలలో హత్య జరిగిన ఇంట్లో రోజూ ఆవిన్ (తమిళనాడు సహకార పాల సంస్థ) నీలం ప్యాకెట్ పాలు తీసుకుంటారు. ఆ ఉదయం ఫ్రిజ్‌లో ఆరెంజ్ ప్యాకెట్ ఉంటుంది. ఆ పాలు తెచ్చింది ఇంటివాళ్ళు కాదన్నమాట. చెన్నైలో ఉన్నవాళ్ళకు నీలం, ఆరెంజ్ తేడా చిన్నప్పుడే తెలుస్తుంది. నెల్లూరు దాటితే ఆ రంగులకు అర్థం లేదు. ఇరవయ్యేడో భాగం రాస్తుండగా నాకిది తట్టింది. రెండో భాగంలో, ఎవరికీ అనుమానం రాకుండా, కోడలు దుకాణంలో "నీలమే ఇవ్వండి, ఆరెంజ్ చిక్కన, మామయ్యకు పడదు" అని ఉంటే చాలు, ముడి బిగిసేది. కానీ పాఠకులు రెండో భాగం చదివేసి నాలుగు నెలలైంది. యాప్‌లో దిద్దవచ్చు. దిద్దాను కూడా. చదివేసినవాళ్ళు మళ్ళీ వెనక్కి ఎందుకు వెళ్తారు? చివరికి ఇన్‌స్పెక్టర్ నోటితో ప్యాకెట్ల రంగుల గురించి ఒక పేరా చెప్పించాల్సి వచ్చింది. విప్పే చోట పాఠం చెప్పడం మొదలైతే కథ చచ్చిపోతుంది. ఆ భాగం ఇప్పుడు తెరిచినా నాకు బాధగానే ఉంటుంది.

"పూర్తిగా రాసుకుని, ఆ తర్వాత భాగాలుగా పెడితే?" అని చాలామంది అడుగుతారు. మంచి ఆలోచనే, సగం సమస్య తీరుతుంది. మిగిలిన సగం అభిప్రాయాల దగ్గర ఉంది. తొమ్మిదో భాగం కింద ఒకావిడ "చంపింది వియ్యంకుడే, చూస్తూ ఉండండి" అని రాశారు. ఆమె ఊహ నిజమే. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ కథతో పాటు ఆ మాటా చదివారు. కంగారుపడి హంతకుణ్ణి మార్చాను. అప్పటిదాకా వియ్యంకుడి చుట్టూ అల్లినదంతా వృథా అయింది. అది నేను చేసిన పెద్ద తప్పు.

రెండో నవలను మా పిన్ని ఒక్కరికే చూపించాను. పద్నాలుగో అధ్యాయం దగ్గర ఫోన్ చేసి, "ఆ పిల్లవాడు టార్చి ఎందుకు దాచాడో చెప్పకుండా ఊరికి పంపేశావేమే?" అని అడిగింది. కూర్చుని మూడు అధ్యాయాలు తిరగరాశాను. టార్చి సంగతి ముందెలా ఉండేదో ఇంకెవరికీ తెలియదు.

పుస్తకం పని సులువని చెప్పను. నేను పని ఇచ్చిన చోట డీటీపీ చేసే, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే అబ్బాయికి తెలుగు రాదు. యూనికోడ్‌లో ఇచ్చిన ప్రతిని అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మార్చేసరికి కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. మూడుసార్లు ప్రూఫులు దిద్దాం. ప్రూఫ్‌రీడర్ ఇంకో పని చేశారు: చనిపోయినవాడి ఉత్తరంలో 'వొచ్చాను' అని నేను కావాలని రాసిన మాటను 'వచ్చాను' అని దిద్దారు. ఆ ఉత్తరం రాసింది వేరొకరని తెలిసేదే ఆ ఒక్క అక్షరంతో! సస్పెన్స్ రాసేవాళ్ళు ప్రూఫులతో పాటు 'ఈ తప్పులు ముట్టుకోవద్దు' అని ఒక చీటీ ఇవ్వాలి.

అదే పుస్తకం ఇచ్చిన సంతోషం కూడా చెప్పాలి. హంతకుడి పేరు మొదట 187వ పేజీలో, అంటే కుడివైపు పడింది. 186 చదువుతుండగానే కన్ను పక్కకు పోయి పేరు చూసేస్తుంది. ముందు పేరాల్లో నాలుగు వాక్యాలు పెంచి దాన్ని 188కి తోశాం. ఇప్పుడు పేజీ తిప్పితేనే పేరు. మొత్తం 192 పేజీలు, పదహారేసి చొప్పున సరిగ్గా పన్నెండు ఫారాలు.

ఒప్పందం ఏ దారిలోనైనా చదివి సంతకం పెట్టండి. హక్కుల బదిలీకి గడువు రాయకపోతే 5 ఏళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. కాబట్టి ఖాళీ కన్నా 'శాశ్వతంగా' అన్న మాటే ప్రమాదం.

పత్రికల నవలల పోటీలు ఉన్నప్పుడు పంపండి, వాటి కోసం ఆగవద్దు. ఆడియోకు నా కథలు నప్పవు. పాల ప్యాకెట్ రంగు చెవిన పడి దాటిపోతుంది.

సొంతంగా వేసుకునేవాళ్ళకు ఇంకో మాట. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు మన దేశంలో రుసుము లేదు. 1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ మూడింటిలో ఒకటి మన ఎగ్మూరులోని కన్నెమరా. మిగతావి పోస్టులో పంపి, ఆ ఒక్కటి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కౌంటర్లో ఆయన అట్ట చూసి, తమిళంలో, "తెలుగా? ఏం కథ?" అని అడిగారు. హత్య కథ అన్నాను. నేరుగా చివరి పేజీ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను.