పేదరికం తగ్గడానికి ఏది మేలు: శ్రీసిటీ ఫ్యాక్టరీయా, పల్లెలో పాడియా?

2023-24 కార్మిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవారిలో దాదాపు 46 శాతం మందికి వ్యవసాయమే ఆధారం. దేశాదాయంలో ఆ రంగం వాటా మాత్రం ఐదో వంతుకు లోపే. ఎక్కువమంది తక్కువ రాబడిని పంచుకుంటున్నంత కాలం వృద్ధిరేటు ఎంత ఉన్నా పల్లెలో పేదరికం త్వరగా తగ్గదు. అందువల్ల చేను విడిచినవారికి పని చూపే వృద్ధి మేలా, చేను దగ్గరే రాబడి పెంచే వృద్ధి మేలా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రెండూ కంటి ముందే ఉన్నాయి.

సత్యవేడు, తడ ప్రాంతంలో 2008లో మొదలైన పారిశ్రామికవాడ శ్రీసిటీకి చెన్నై రేవు దగ్గర కావడం కలిసివచ్చింది. అక్కడ నెల జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉంటాయి. 2015లో సెల్‌ఫోన్ల తయారీ మొదలైనప్పుడు ఆ పనిలో చేరినవారిలో అత్యధికులు మహిళలే; అంతవరకు కూలికి తప్ప గడప దాటని ఇళ్లకు అది చిన్న మార్పు కాదు. అయితే పెట్టుబడి పెరిగినంతగా కొలువులు పెరగవు, ఎందుకంటే యంత్రాలే ఎక్కువ పని చేసే ఫ్యాక్టరీలో కోట్లు కుమ్మరించినా కొద్దిమందే సరిపోతారు. ఐటీఐ, డిప్లొమా లేనివారికి దక్కేది తరచుగా కాంట్రాక్టు పనే.

పాడి సంగతి వేరు. రెండు సంకర జాతి ఆవులున్న ఇంటికి చదువుతో నిమిత్తం లేకుండా, వెన్న శాతాన్ని బట్టి కట్టిన ధరతో పాల బిల్లు క్రమంగా అందుతుంది. వాన మొహం చాటేసిన ఏడాది వేరుశనగ పోయినా ఇల్లు గడిచేది ఆ బిల్లుతోనే. అదే మామిడికి ఈ భరోసా లేదు: 2025లో తోతాపురి ధర పడిపోగా, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను మరో 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. ఫ్యాక్టరీ పక్కనే ఉన్నంత మాత్రాన రైతుకు ధర దక్కదన్నమాట.

పేదరికం తగ్గించడమే కొలమానమైతే, కొద్దిపాటి భూమి ఉన్న కుటుంబానికి నేను పాడి వైపే మొగ్గుతాను. కానీ సెంటు భూమి లేనివారు గడ్డి, దాణా రెండూ కొనాలి. ఆ ఖర్చులు పోగా పాలలో మిగిలేది స్వల్పం. వారికి శ్రీసిటీ బస్సే మేలు, కాంట్రాక్టు పనైనా సరే.