కేప్ కోస్ట్ కోట: నవల చదివి వెళ్ళండి, ఏసీ మీద ఆశ పెట్టుకోకండి

ఆఫీసు పని మీద రెండు వారాలు ఘనా రాజధాని ఆక్రాలో ఉండాల్సొచ్చింది. మధ్యలో దొరికిన శని, ఆదివారాల్లో కేప్ కోస్ట్ వెళ్ళొచ్చాను. ఆఫ్రికావాళ్ళను బానిసలుగా పట్టి, అమెరికా వైపు ఓడలెక్కించేముందు బంధించి ఉంచిన కోట ఉన్న ఊరు అది. దూరం 150 కిలోమీటర్ల లోపే గానీ కాసోవా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మూడు గంటలు దాటిపోతుంది. ట్రో-ట్రో అని మన షేర్ ఆటోల్లా తిరిగే వ్యాన్లుంటాయి, చవకే, కానీ నిండితే తప్ప కదలవు. నేను కారు మాట్లాడుకున్నాను, మంచి పని చేశాను.

అసలు వెళ్ళింది ఒక నవల పట్టుకుని. యా జ్యాసీ రాసిన 'హోమ్‌గోయింగ్', 2016లో వచ్చింది. ఎఫియా, ఎసీ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే గానీ ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఎఫియా ఈ కోటలోనే పైన తెల్ల గవర్నరుతో కాపురం చేస్తుంటే ఎసీ సరిగ్గా ఆ కాళ్ళ కింద చీకటి కొట్టులో పడి ఉంటుంది. 'అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు' అని మనవాళ్ళు మాటవరసకు అంటారే, ఈవిడ దాన్ని అక్షరాలా లెక్కపెట్టి రాసింది, తరానికో అధ్యాయం చొప్పున. మనిషి మీద కాస్త మమకారం పుట్టేలోపే అధ్యాయం అయిపోతుంది. చదివేటప్పుడు నాకు అదే విసుగు.

కోట విషయానికొస్తే, టికెట్‌లోనే గైడు వస్తాడు, విదేశీయులకు రేటు ఎక్కువ. తొందర లేకుండా చెప్పాడు మా గైడు. మగవాళ్ళను కుక్కిన కొట్టులోకి దిగాక లైటు కిందికి వేసి చూపించాడు. నేల కొంతమేర తవ్వి శుభ్రం చేస్తే కింద ఇటుకలు బయటపడ్డాయి, మిగతాదంతా నల్లగా గట్టిపడిన పొర. అది మట్టి కాదట, అక్కడ ఉంచిన మనుషుల మలమూత్రాలు, నెత్తురు గడ్డకట్టిన పొరట. నేను కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాను, ఎక్కడ కాలు పెట్టాలో తెలియక. నవల్లో ఎసీ, తల్లి ఇచ్చిన నల్లరాయిని అలాంటి నేలలోనే దాచి, తీసుకునే వీల్లేకుండానే ఓడెక్కుతుంది. ఆ కొట్టు నెత్తిన ఉన్నది చర్చి అని గైడు చెబితే గుంపులో ఎవరూ ఏమీ అనలేదు.

ఎసీ వైపు నాలుగో తరంవాడి పేరు హెచ్. ఇంటిపేరు లేదు, ఆ ఒక్క అక్షరమే పేరు. అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక కూడా, తెల్లావిడ వైపు చూశాడని కేసు పెట్టి, జరిమానా కట్టలేదని అలబామా బొగ్గు గనుల్లోకి తోశారు. ఎఫియా వైపువాళ్ళు సుఖపడ్డారా అంటే అదీ లేదు, బానిసల వ్యాపారంలో చేతులు పెట్టిన ఇల్లు అది. మనకైతే పరిచయమైన రెండో నిమిషంలో 'మీ ఇంటిపేరేంటండీ' అంటారు, నాకది ఎప్పుడూ చిరాకే. హెచ్ గురించి తలచుకుంటే ఆ చిరాకు ఎటో పోయింది.

చివర్లో 'డోర్ ఆఫ్ నో రిటర్న్' తలుపు, బానిసలను ఓడల వైపు నడిపించింది ఇందులోంచే. దాటితే రంగురంగుల పడవలు, వలలు, చేపల వాసన, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు. వెనక్కి తిరిగితే అదే తలుపుకి ఇటువైపు 'డోర్ ఆఫ్ రిటర్న్' అని రాసుంది. నవల చివర ఎసీ వైపు ఏడో తరంవాడు మార్కస్ కంగారుపడి పరిగెత్తి బయటపడేది ఈ సముద్రం ఒడ్డుకే.

ఎల్మీనా కోట ఇక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లే, పోర్చుగీసువాళ్ళు 1482లో కట్టింది, ఇంకా పాతది. రెండూ ఒకేరోజు పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, రెండోదాంట్లో సగం బుర్రకెక్కలేదు.

బస గురించి చెప్పాలంటే, బీచ్ పక్కనున్న ఒక గెస్ట్‌హౌస్, ఫొటోల్లో అదిరిపోయింది. రాత్రి పదింటికి కరెంటు పోయింది, జనరేటర్ ఉందన్నారు, డీజిల్ లేదన్నారు. పొద్దున ఆ కొట్లు చూసొచ్చినవాణ్ణి ఏసీ లేదని గొడవపడటానికి సిగ్గేసి ఊరుకున్నాను. తిండి మాత్రం బాగుంది. రెడ్-రెడ్ అని అలసందల కూర, వేయించిన అరటిపండుతో ఇస్తారు, శాకాహారులు చేపలు వెయ్యొద్దని ముందే చెప్పుకోవాలి.

ఇంకో మాట. గేటు దగ్గర కుర్రాళ్ళు నవ్వుతూ పేరడుగుతారు. చెబితే, మీరు బయటికొచ్చేసరికి ఒక గవ్వ మీద పేరు రాసి చేతిలో పెట్టి డబ్బులడుగుతారు. ఇది పాత ట్రిక్కే, తెలిసీ చెప్పాను. బేరం ఆడి కొన్నాను. శ్రీనివాస్‌లో రెండక్షరాలు తప్పు. ఇప్పుడది మా ఫ్రిజ్ మీదుంది. తప్పు దిద్దుతానని మా అమ్మాయి స్కెచ్ పెన్ను తెస్తే వద్దన్నాను.