ఆపరేషన్ అయిపోయిందని రాసిచ్చారు, కాలేదు: చిన్న కుక్కని దత్తత తీసుకునేవాళ్లు జాగ్రత్త

ఆ రెస్క్యూ గ్రూపు పేరు రాయను. పెద్దయిన చిన్న జాతి కుక్క కోసం వెతికినవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. ప్రతి ఫోటోలో అదే నీలం దుప్పటి, కింద "మంచి ఇంటి కోసం ఎదురుచూస్తోంది" అని అదే వాక్యం, చివర ఏడుపు బొమ్మ. వాళ్లే.

మా సంగతి క్లుప్తంగా చెప్తా. పప్పీ వద్దనుకున్నాం, దాని వెనక పరుగులు పెట్టడం అమ్మ మోకాళ్ల వల్ల కాదు. గుణం తెలిసిన, ఒళ్లో పట్టే కుక్క కావాలి. షెల్టర్లలో అలాంటివి ఎక్కువసేపు ఉండవు, అందరూ వాటికోసమే చూస్తుంటారు. మనకున్న ఆ తొందర వీళ్లకి పెట్టుబడి. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు మేడం, సాయంత్రంలోగా చెప్పండి" అన్నారు. చెప్పేశాం. ఫారం నింపాం. విరాళం అన్నారు, కట్టాం. రసీదు అడిగితే "ఇది సేవ కదా మేడం" అన్నారు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు, ఎందుకంటే అప్పటికే చిట్టి నా చెయ్యి నాకుతోంది. నాలుగు కిలోలు కూడా లేదు. చేతికిచ్చిన కార్డులో వయసు మూడేళ్లు, వ్యాక్సిన్లు పూర్తి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ పూర్తి. తేదీ, ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి.

మా డాక్టర్ గారికి చూపించగానే ఆ మూడేళ్ల కథ తేలిపోయింది. ముందు పళ్లు కొన్ని లేవు, ఉన్నవాటికి గార, కంటిపాపలో నీలంగా మసక. "పెద్ద కుక్కకి పళ్లు చూసి వయసు కచ్చితంగా చెప్పలేం గానీ, దీనికి ఏడుకి తక్కువ ఉండదమ్మా" అన్నారు. చనుమొనలు సాగిపోయి ఉన్నాయి, అంటే చాలాసార్లు ఈనింది. రోడ్డు మీద దొరికిందని వాళ్లు చెప్పింది కూడా ఎంత నిజమో మరి. పిల్లల్ని అమ్ముకోవడానికే పెంచి, వయసు పైబడగానే వదిలించుకున్న తల్లి కుక్కలా ఉంది చూస్తే. కార్డులో వ్యాక్సిన్ల తేదీలున్నాయి గానీ, సీసా మీద నుంచి తీసి అంటించే బ్యాచ్ నంబరు స్టిక్కరు ఒక్కటీ లేదు. వ్యాక్సిన్లు మళ్లీ మొదలుపెట్టించాం.

నిజం చెప్పాలంటే అప్పటికీ కోపం రాలేదు. వయసైతే ఏంటి, అమ్మ ఒళ్లోంచి దిగడం లేదు. ఆపరేషన్ మాట మాత్రం ఎవరం అనుమానించలేదు. పాత కోత మచ్చ బొచ్చు కింద కనబడనంతగా మాసిపోవడం మామూలేనట. పైగా డాక్టరు ముద్ర ఉందాయె.

కొన్ని వారాలకి నీళ్లు తాగడం ఎక్కువైంది. గిన్నె నింపడం ఆలస్యం, ఖాళీ. ఇల్లంతా ఉచ్చ. కొత్త చోటు, టెన్షన్ అయి ఉంటుందనుకున్నాం. అలవాటు పడటానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని వాళ్లే ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది మరి. తిండి మానేసి, వాంతులు చేసుకుని, తోక కింద నుంచి చీము వాసన వచ్చిన రాత్రి ఎత్తుకుని పరుగెత్తాం. స్కానింగ్‌లో గర్భసంచి చీముతో ఉబ్బిపోయి కనిపించింది. పయోమెట్రా అంటారు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి, ఎదకి వచ్చి వెళ్లిన కొన్ని వారాలకి వచ్చే జబ్బు. వెంటనే సంచి తీసేయకపోతే ఆ విషం రక్తంలోకి పాకి ప్రాణం పోవచ్చు. "కార్డులో ఆపరేషన్ అయిందని ఉందే?" అని డాక్టర్ గారు నన్నే అడిగారు.

చిట్టిని లోపలికి తీసుకెళ్లాక బయట బెంచీ మీద కూర్చుని వాళ్లకి ఫోన్ చేశాను. ఫారం నింపించిన మేడమే ఎత్తింది.

"అలా ఎలా అవుతుంది మేడం, ఆపరేషన్ అయిందని కార్డులో ఉంది కదా."

"కార్డులో ఆపరేషన్ ఉందండీ. కుక్కలో గర్భసంచి కూడా ఉంది."

"ఒక్కోసారి లోపల చిన్న ముక్క మిగిలిపోతుంది మేడం, దానివల్ల వస్తుంది."

ఈ మాట పూర్తిగా అబద్ధమైనా బాగుండేది. అండాశయం ముక్క లోపల మిగిలిపోతే, ఆపరేషన్ అయిన కుక్కకి కూడా సంచి కోసేశాక మిగిలిన మొదలుకి చీము పట్టొచ్చు, అరుదుగా. అంటే ఈ ప్రశ్నకి జవాబు ముందే నేర్చి పెట్టుకున్నారన్నమాట. ఇంతకుముందు ఎంతమంది అడిగి ఉంటారో! తర్వాత డాక్టర్ గారు ట్రేలో పెట్టి చూపించారు. రెండు అండాశయాలు, సంచి రెండు కొమ్ములు మొత్తం ఉన్నాయి. అంతకుముందు కత్తి తగిలిన గుర్తే లేదు. ఫోటో తీసి ఉంచాను.

ఫోన్లో నేను గొంతు పెంచాను. ఆవిడ పెంచలేదు. చాలా నిదానంగా, నాకేదో సాయం చేస్తున్నట్టుగా అంది: "దానికి ఇంత ఖర్చు ఎందుకు మేడం, వయసైపోయిన కుక్క. వదిలేయండి. ఇంకోటి ఇస్తాం, ఈసారి విరాళం కూడా వద్దు."

ఇంకోటి ఇస్తారట. పాడైన మిక్సీ తెచ్చిచ్చి వేరేది పట్టుకెళ్లమన్నట్టు. తలుపు అవతల దాని పొట్ట కోస్తున్నారు, ఇవతల నాకు ఆఫర్. ఇంకా మండే సంగతేంటంటే, కార్డులో మూడేళ్లు, ఫోన్లో వయసైపోయిన కుక్క. అసలు వయసు ఆవిడకి మొదటినుంచీ తెలుసు. నేను ఆ మాట పట్టుకోగానే "లైన్ సరిగ్గా రావట్లేదు మేడం" అని పెట్టేసింది. లైన్ బ్రహ్మాండంగా ఉంది.

ఇంటికొచ్చాక ఇంకోటి తట్టి నిద్ర పట్టలేదు. కుక్క ఎదకి వస్తే రోజుల తరబడి రక్తం పడుతుంది, వాపు ఉంటుంది. మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు. జబ్బు వచ్చిన సమయం బట్టి వెనక్కి లెక్కేస్తే, చిట్టి ఎదకి వచ్చింది వాళ్ల దగ్గర ఉండగానే. రోజూ దాన్ని ఎత్తుకుని ఫోటోలు తీసినవాళ్లకి రక్తం కనబడలేదా? తుడిచి, నీలం దుప్పటి మీద కూర్చోబెట్టి, "ఆపరేషన్ పూర్తి" అని రాశారు. పొరపాటుకీ దీనికీ ఎక్కడా పోలిక లేదు.

తెల్లారేసరికి నన్ను బ్లాక్ చేశారు. అదే దుప్పటి మీద ఇంకో చిన్న కుక్క వచ్చిందని స్నేహితురాలు పంపింది. వయసు మూడేళ్లు. ఆపరేషన్ పూర్తి. ఏం వయసో అది, ఏ కుక్కకీ దాటదు!

చిట్టి బతికింది. మెడకి ప్లాస్టిక్ గరాటు పెట్టుకుని ఇల్లంతా గోడలకి గుద్దుకుంటోంది, అమ్మ దాని వెనకే. అవును, ఆ మోకాళ్లతోనే.

రెస్క్యూవాళ్లందరినీ ఒక గాటన కట్టొద్దు అనేవాళ్లకి: కట్టడం లేదు. సరిగ్గా చేసేవాళ్లు మన ఇల్లు చూస్తారు, విసుగొచ్చేదాకా ప్రశ్నలు అడుగుతారు, కుదరకపోతే ఎప్పుడైనా కుక్కని తిరిగి తీసుకుంటామని రాసిస్తారు. వీళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. నేనేమో "ఎంత సులువుగా అయిపోయిందో" అని మురిసిపోయాను.

తీసుకోబోయేవాళ్లు, ఆపరేషన్ అయిందంటే ఎక్కడ చేశారో అడిగి ఆ క్లినిక్‌కి మీరే ఫోన్ చేయండి. డబ్బు కట్టకముందే మీ డాక్టరుకి చూపిస్తామనండి, వద్దంటే వచ్చేయండి. కార్డులో స్టిక్కర్లు చూడండి. ఎంత ముద్ర ఉన్నా సరే, ఆడకుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ డీలాపడితే తెల్లారేదాకా ఆగకండి.

కుక్క ఎవరిదో తెలియడానికి పెట్టే చిప్ మాత్రం నిజంగానే ఉంది, భుజాల మధ్య చర్మం కింద. స్కాన్ చేస్తే 15 అంకెల నంబరు వచ్చింది. ఆ నంబరు ఇంకా వాళ్ల పేరు మీదే రిజిస్టరై ఉంది. రేపు చిట్టి తప్పిపోయి ఎవరికైనా దొరికితే ఫోన్ వెళ్లేది వాళ్లకే. మార్చమని మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఇక కార్డు ఫోటో, ట్రే ఫోటో జతచేసి రిజిస్ట్రీకే నేరుగా రాస్తున్నాను.