కోళ్ల మట్టిస్నానానికి లారీ టైరు: వానలు దాటాక

పేలు, ఈకల జిడ్డు వదిలించుకోవడానికి కోళ్లు పొడిమట్టిలో పొర్లుతాయి. దానికోసం లారీ టైరును పడుకోబెట్టి మట్టి పోస్తే ఆ మట్టి అందులోనే ఉంటుంది. దీన్ని మెచ్చుకోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. ప్లాస్టిక్ టబ్బులో, మేస్త్రీల తట్టలో, చెక్కపెట్టెలో పోసింది నాలుగు రోజులు తిరక్కుండానే సగం బయట పడుంటుంది. కోడి పక్కకు ఒరిగి కాలితో ఒక్క తాపు తన్నిందంటే ధూళి మూరెడు దూరం పోతుంది మరి. టైరుకు పైఅంచు జానెడు మేర లోపలికి వంగి ఉంటుంది. ఎగిరిన ధూళి దాని అడుగున కొట్టుకుని మళ్లీ కోడి వీపు మీదే రాలుతుంది. రెక్కలు విదిలించడం, మెడ రుద్దుకోవడం, పక్క మీద పొర్లడం, అన్నీ ఆ గోడల మధ్యే జరిగిపోతాయి. చివర్లో ఒళ్లు దులుపుకోవడం మాత్రం బయటికి దూకాకే. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

కారు టైరు పనికిరాదు. పన్నెండు పద్నాలుగు అంగుళాల నోట్లో కోడి కూర్చోగలదు గానీ రెక్క విప్పలేదు. లారీలకు వేసే 10.00-20 టైరు తీసుకోవాలి. నోరు 20 అంగుళాలు, లోపలి వెడల్పు మీటరుకు దగ్గర. అందులోనూ నైలాన్ టైరే అడగండి. రేడియల్ లారీ టైరు పక్కగోడల్లో ఉక్కు తీగలుంటాయి. అరిగినచోట అవి సూదుల్లా బయటికొస్తాయి. పాదానికి గీరుకుంటే ఆ చిన్న గాయంలోంచే చీము పట్టి అరికాలు వాస్తుంది, అది మానడం మహా ఆలస్యం. చెన్నైలో పుదుపేట వైపు గానీ, మాధవరం లారీల అడ్డా దగ్గరి పంక్చరు కొట్లలో గానీ అరిగిన నైలాన్ టైరు దొరుకుతుంది. కొనేముందు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడమండి, గుచ్చుకుంటే వదిలేయండి.

లోపల పోసేది: జల్లించిన ఎర్రమన్ను రెండు పాళ్లు, పి శాండ్ (రాతిని పొడిచేసిన సన్న ఇసుక) ఒక పాలు, కట్టెల బూడిద ఒక పాలు. అరచేతి వెడల్పు లోతుండాలి, అంతకంటే ఎక్కువ పోసినా అడుగుది కోళ్లు కదపవు. కాంక్రీటుకు వాడే ఎం శాండ్ గరుకు, పూతపనికి వాడే పి శాండే సన్నగా ఉంటుంది. సముద్రపు ఇసుక ఊరికే వస్తుందని తేవద్దు. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుంటుంది కాబట్టి ఎప్పుడూ జిగురుగానే ఉంటుంది. బూడిద ఇస్త్రీ బండివాళ్లను అడిగితే ఇస్తారు, ఇప్పుడు వాళ్లూ గ్యాసుకు మారుతున్నారనుకోండి. కట్టెలపొయ్యి మీద వండే హోటళ్లలోదీ బాగుంటుంది, కాకపోతే బొగ్గుముక్కలు, మేకులు జల్లెడ పట్టి తీసేయాలి. రంగు వేసిన చెక్కది, ప్లైవుడ్‌ది అసలొద్దు. బియ్యం మిల్లుల ఊకబూడిద కూడా వద్దంటాను. అందులో సిలికా ఎక్కువ, ఆ దుమ్ము పీల్చడం కోళ్లకూ మనకూ మంచిది కాదు. సున్నం కలపమని చెప్పేవాళ్లూ ఉన్నారు. గూడు గోడలకు వేసుకోవచ్చు, ఒంటికి తగిలే మట్టిలో మాత్రం కాదు.

ఇంతవరకూ పొగడ్తే. ఇప్పుడు అసలు సంగతి. మట్టిని ఆపే అంచే నీళ్లనూ ఆపుతుంది.

ఎండాకాలంలో ఇది తెలియదు. చెన్నైలో పరీక్ష అక్టోబరులో మొదలవుతుంది. టైరు మీద రేకు వేసినా ఈశాన్య రుతుపవనాల జల్లు అడ్డంగా కొడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడైతే మా కొరట్టూరు పల్లంలో నీళ్లు పైనుంచి కాదు, కిందనుంచి వచ్చాయి. టైరు మధ్యలో అడుగు ఉండదు కాబట్టి నీరు తీశాక మధ్యలోని మట్టి త్వరగానే ఆరింది. పైకి చూస్తే పొడిపొడిగా, మామూలుగా కనిపించింది. అంచు కిందికి చెయ్యి పోనిస్తే మాత్రం రబ్బరు డొప్పలో చల్లగా బురద. అక్కడికి ఎండ రాదు, గాలి ఆడదు. తడిసిన బూడిద, ఎర్రమన్ను కలిసి రొట్టెలా గట్టిపడ్డాయి, వేలితో నొక్కితే పెళ్లలుగా లేచాయి, ఒకటే ముక్కవాసన. తడిబూడిద నీరు క్షారం, చర్మాన్ని తినేస్తుంది. ఆ మట్టిలో దిగిన కోళ్లకు పొట్ట కింది ఈకలు అట్టలు కట్టాయి, వేళ్ల మధ్య ఎర్రబడింది. తర్వాత అవి టైరు వైపే పోలేదు, జామచెట్టు మొదట్లో గొయ్యి తవ్వుకున్నాయి. పెళ్లలన్నీ తీసేశాక డొప్పలో మిగిలిన నీళ్లలో దోమ పిల్లలు గింగిరాలు తిరుగుతున్నాయి. డెంగీ దోమకు పాత టైరు కంటే ఇష్టమైన చోటు ఉండదు, అందుకే తనిఖీకి వచ్చేవాళ్ల చూపు ముందు టైర్ల మీదే పడుతుంది.

దీనికి మందు ఉంది, కాస్త చాకిరీ. అడుగుగోడకు చిల్లులు పెట్టాలి. మామూలు డ్రిల్ బిట్టుతో పెడితే లాభం లేదు, బిట్టు తీయగానే రబ్బరు మూసుకుపోతుంది. తలుపు తాళాలకు వడ్రంగులు గుండ్రంగా చెక్క తీసే బిట్టు ఉంటుంది, దాంతో అంగుళం చిల్లులు ఎనిమిది, డొప్ప బాగా పల్లంగా ఉన్నచోట. సబ్బునీళ్లు పోస్తూ తిప్పితే పట్టేయదు. తర్వాత కింది డొప్పను ఇటుక ముక్కలతో నింపి, పైన షేడ్ నెట్ పరచి, దాని మీద మట్టి పోయాలి. టైరు మొత్తాన్ని ఇటుకల మీద లేపిన కడప బండ మీద పెట్టాలి, బండ ఒకవైపుకు కొంచెం వాలి ఉండాలి. బరువు ముందే లెక్కేసుకోండి. మట్టే వంద కిలోల దాకా పడుతుంది, టైరు అదనం. మిద్దె మీద పెట్టేవాళ్లు గోడ వారగా, దూలం ఉన్నచోట పెట్టుకోవడం మేలు.

పైఅంచునూ తగ్గించాలి. జానెడు అంచును బెత్తెడుకు కోస్తే నోరు రెండున్నర అడుగులకు పైగా తెరుచుకుంటుంది, ఎండ లోపలి గోడదాకా పోతుంది. ధూళిని ఆపడానికి ఆ బెత్తెడు చాలు, కొంచెం బయటికి పోతుంది గానీ టబ్బుతో పోలికే లేదు. చెప్పులు కుట్టేవాళ్ల రంపెతో నైలాన్ గోడ తెగుతుంది. నోటి చుట్టూ ఉండే ఉక్కు కట్టు జోలికి మాత్రం పోవద్దు, దానికి అవతలగా కోస్తే కట్టుతో సహా ఊడి వస్తుంది. కోసిన అంచున నైలాన్ పోగులు వేలాడతాయి. కోళ్లు వాటిని పీకి మింగితే కడుపులో ఉండలు కడతాయి. పోగులు కత్తిరించి, పాత నీళ్ల పైపును నిలువునా చీల్చి అంచుకు తొడిగితే సరిపోతుంది. వానల నెలల్లో బూడిద పూర్తిగా మానేసి, ఎర్రమన్ను, పి శాండ్ సగం సగం పోయడం ఉత్తమం. మట్టిని గుప్పిట పట్టి వదిలితే ముద్దగా నిలిచిందంటే కోళ్లను దిగనివ్వకండి.

అంచు కోయకముందు ఒక మేలు ఉండేది. వనరాజా రకం పెట్టలు ఆ చీకటి మూలను గుడ్లకు వాడుకునేవి, చెయ్యి పెడితే గోరువెచ్చని గుడ్డు తగిలేది. కోశాక అది పోయింది. పొదుగుకు కూర్చున్న పెట్ట పొర్లే చోటును ఆక్రమించి మిగతావాటిని పొడిచే గొడవా పోయింది, కాబట్టి ఫిర్యాదు లేదు.

రోహిణికార్తెలో నల్లరబ్బరు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. కోళ్లేమో సరిగ్గా మధ్యాహ్నమే పొర్లుతాయి, కాబట్టి నీడ తప్పదు. పిల్లుల సంగతి వేరే చెప్పాలా, మెత్తటి పొడిమట్టి కనిపిస్తే అవి దేనికి వాడతాయో తెలిసిందే. పొద్దుగూకాక జాలీ మూత వేయాల్సిందే.

పేల విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకండి. ఒంటి మీద ఉండే పేలు తగ్గుతాయి, ఈకల జిడ్డు పోతుంది. గూటి చెక్కల సందుల్లో పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే ఎర్ర పురుగుకు ఈ స్నానంతో ఏమీ కాదు, గూడే కడగాలి. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో గంధకం కలిపిన ధూళి పెడితే, అందులో పొర్లని కోళ్ల మీద కూడా ఒంటి పురుగులు, పేలు తగ్గాయి. డయాటమైట్ (సూక్ష్మ నాచు గుల్లల మట్టి) పొడి, కయోలిన్ (తెల్ల బంకమట్టి) అయితే పొర్లినవాటికే పనిచేశాయి. మామూలు రోజుల్లో వాటి అవసరం రాదు. వేసేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకునే వేయాలి.

ఒక కోడి రోజు విడిచి రోజు అరగంట దాకా పొర్లుతుంది, ఒకటి మొదలుపెడితే మిగతావీ వస్తాయి. కోయని టైరులో ఒకదానికే సుఖం, పెత్తనం చేసే పెట్ట కదలకపోతే చివరిదానికి వంతు రాదు. కోసిన టైరులో రెండు సర్దుకుంటాయి. మావి ఆరు, వాటికి ఒకటి సరిపోతోంది. పదికి మించి ఉంటే, కోడిపిల్లలు తిరుగుతుంటే, దీన్ని చెప్పలేను. అడుగెత్తు గోడ పిల్లలు ఎక్కలేవు. నూతికి వేసే సిమెంటు ఒర మూడడుగులది అయితే అంచు ఉండదు, మట్టి పోతూనే ఉంటుంది, కానీ వాన వెలిశాక రెండెండలకు ఆరుతుంది. నేల ఎత్తుగా ఉండి, పెరట్లో చెట్టు కింద వాన తగలని ఎర్రమన్ను ఉన్నవాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు.