మారేడుమిల్లిలో రెండు రాత్రులు

తూర్పు కనుమల అడవుల్లో ఉన్న మారేడుమిల్లికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లే ఎక్కువ. ఇదివరకు మేమూ అలాగే వెళ్లి, వెదురు బొంగులో కాల్చే బొంగు చికెన్ తిని, జలతరంగిణి జలపాతం దగ్గర ఫొటోలు దిగి వచ్చేశాం. ఈసారి డిసెంబరులో రెండు రాత్రులు ఉన్నాం. అడవిని చూసింది ఈసారే.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి. అయితే జలతరంగిణి, అమృతధార జలపాతాలు రెండూ ఊరు దాటాక చింతూరు వెళ్లే దారిలో ఉన్నాయి కనుక సొంత బండి లేకపోతే ఆటో మాట్లాడుకోవాలి.

మొదటి రాత్రి రోడ్డు పక్కన ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ ఆవరణలో పెద్ద సౌండు బాక్సులు పెట్టి అర్ధరాత్రి దాటేదాకా పాటలు మోగించారు. కీచురాళ్ల చప్పుడు వినాలని అంత దూరం వెళ్లిన మాకు చాలా బాధ కలిగింది.

మర్నాడు వలమూరు వాగు ఒడ్డున ఉన్న జంగిల్ స్టార్ శిబిరానికి మారాం. వాలి సుగ్రీవులు పోరాడిన చోటు ఇదేనని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి అడవిని కాపాడే ఉమ్మడి అటవీ యాజమాన్యం 1992లో మొదలయ్యాక రాష్ట్రంలో అడవి పక్క ఊళ్లలో ఏర్పడిన వన సంరక్షణ సమితులే మారేడుమిల్లిలో ఈ పర్యాటకానికి ఆధారం. మనం కట్టే డబ్బుతో ఆ అడవిని కాచుకునేవాళ్లకే పని దొరుకుతుంది. నేను మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను.

మా వెంట దారి చూపడానికి వచ్చిన కొండరెడ్డి తెగ పెద్దాయనతో గడిపిన మూడు గంటలే ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైనవి. చెట్ల మీదికి పాకిన అడ్డ తీగను, కల్లు గీసే జీలుగు చెట్టును చూపించారు. బొంగు చికెన్‌కు పచ్చి వెదురే ఎందుకో కూడా ఆయనే చెప్పారు. ఎండు బొంగైతే నిప్పు అంటుకుంటుంది. పచ్చి బొంగులో ఉన్న తేమతోనే, నూనె చుక్క లేకుండా, మాంసం ఉడుకుతుంది. ఒకసారి కాల్చిన బొంగు మళ్లీ పనికిరాదు. ఆ మాట విన్నాక రోడ్డు పొడవునా కాలుతున్న బొంగులను చూస్తే, అడవి నుంచి ఎంత వెదురు తరలుతోందో అనిపించింది. వెదురు నరికినంతా మళ్లీ పెరగనివ్వాలి కదా!

అమృతధారకు కొంత దూరం నడవాలి. రాళ్లు జారుతాయి, మంచి పట్టున్న చెప్పులు వేసుకోండి. నీళ్లు నిండుగా చూడాలంటే వానలు తగ్గిన వెంటనే, అక్టోబరు, నవంబరులలో వెళ్లడం మేలు. డిసెంబరులో చలి గట్టిగా ఉంటుంది, దుప్పటి తప్పనిసరి. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి దోమల మందు మరవకండి. ఫోను సిగ్నల్ అన్ని చోట్లా అందదు, బస ముందే ఖాయం చేసుకుని బయల్దేరండి.

వచ్చేటప్పుడు పెద్దాయన ఇంట్లో కుట్టిన అడ్డాకుల విస్తళ్లు ఒక కట్ట కొన్నాం. వారం రోజులు ఇంట్లో వాటిలోనే తిన్నాం. వేడి అన్నం పడగానే ఆకు వాసన వచ్చేది.