ఫర్నేస్ ఆగిపోయిందని పిలిస్తే కొత్తది అంటగట్టబోయారు: సంతకం పెట్టే ముందు ఇది చదవండి

మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, మినెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో సొంత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. చలికాలంలో ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ ఆగిపోయి టెక్నీషియన్‌ని పిలుస్తారు. వచ్చినతను కాసేపు చూసి "హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలింది, కార్బన్ మోనాక్సైడ్ లీకవుతుంది, దీన్ని ఇక ఆన్ చేయకూడదు, కొత్తది వేయించుకోవాల్సిందే" అంటాడు. హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటే మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం. అది పగిలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి రావచ్చు. అయినా అతని మాట మీద అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. ఈ జనవరిలో మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మమ్మల్ని అడిగింది 9,800 డాలర్లు.

మా ఇల్లు డెట్రాయిట్ శివార్లలో. ఫర్నేస్ వేసి తొమ్మిదేళ్లయింది. ఆ రోజు బయట సున్నా ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే, తెల్లారేసరికి ఇంట్లో 54కి పడిపోయింది. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు స్వెటర్ల మీద శాలువాలు కప్పుకుని ఒక్క గదిలోనే కూర్చున్నారు. బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూస్తే ఫర్నేస్ మొదలవుతోంది, మంట అంటుకుంటోంది, కొద్ది సెకన్లకే ఆరిపోతోంది. మళ్లీ అంటుకుంటోంది, మళ్లీ ఆరిపోతోంది. అలా కొన్నిసార్లు చేసి పూర్తిగా ఆగిపోతోంది. ఈ లక్షణం గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా ఇందులోనే ఉంది.

మంచి రేటింగ్ ఉన్న కంపెనీనే పిలిచాం. వచ్చినతను ముందు ప్యానెల్ తీసి టార్చ్ వేసి చూశాడు. కాసేపటికే గ్యాస్ వాల్వ్ కట్టేసి, ఫర్నేస్ వాడకూడదని ఎర్ర ట్యాగ్ తగిలించాడు. "ఇంట్లో పెద్దవాళ్లున్నారు, రాత్రి నిద్రలో ఏమైనా జరిగితే బాధ్యత నాది కాదు" అన్నాడు. ఆ మాట విన్నాక ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. పగులు చూపించమంటే ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. తుప్పు పట్టిన లోహం మీద సన్నటి నల్లటి గీత. మా ఆవిడ ఆ ఫోన్ తీసుకుని, ఫర్నేస్ ముందు కూర్చుని రెండూ పోల్చి చూసింది. ఫోటోలో బర్నర్లు ఐదున్నాయి. మా ఫర్నేస్‌కి ఉన్నవి నాలుగే. ఇదేమిటని అడిగితే, "ఇలాంటి మోడల్‌దే, మీదీ ఇలాగే ఉంది" అన్నాడు. మాది తీసిన ఫోటో మాత్రం అతని దగ్గర లేదు.

ఇంతలో ట్యాబ్లెట్‌లో కొటేషన్ రెడీ. ఈ రోజే ఒప్పుకుంటే డిస్కౌంట్, నెలవారీ వాయిదాలు, పైగా 600 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ అన్నాడు. ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తోనే అయిపోయింది. ఆ తేదీ తర్వాత బిగించిన ఫర్నేస్‌కి అది రాదు. ఇప్పటికీ దాన్ని చూపించి అమ్ముతుంటే, మిగతా మాటలు కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది మాత్రం చివర్లో అడిగిన కాగితం. "ఇది ఎమర్జెన్సీ, మూడు రోజుల్లో క్యాన్సిల్ చేసుకునే హక్కును వదులుకుంటున్నాను" అని నా చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం చేయమన్నాడు. మామూలు ఫార్మాలిటీ అన్నాడు. అది ఫార్మాలిటీ కాదండి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, మన ఇంటికొచ్చి చేసిన అమ్మకాన్ని మూడో బిజినెస్ డే అర్ధరాత్రిలోగా రద్దు చేసుకోవచ్చు. శనివారం లెక్కలోకి వస్తుంది. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు రావు. మనం రిపేర్‌కని పిలిస్తే ఆ రిపేర్‌కి ఈ రక్షణ ఉండదు. కానీ రిపేర్‌కని వచ్చి ఇంకేదైనా కొత్తగా అమ్మితే, ఆ అమ్మకానికి ఉంటుంది. నిజమైన అత్యవసరంలో మనమే స్వయంగా రాసి ఇస్తే ఆ హక్కు పోతుంది. సరిగ్గా ఆ రాత కోసమే చలిలో వణుకుతున్న వాళ్ల ముందు పెన్ను పెడుతున్నారు. మీరు అది రాయకండి. రాయకపోతే పని మొదలుపెట్టం అంటే ఇంకొకరిని పిలవండి.

డయాగ్నస్టిక్ ఫీజు 129 డాలర్లు తీసుకుని అతను వెళ్లిపోయాడు. పక్కింటాయన చెప్పిన ఇంకో టెక్నీషియన్ సాయంత్రం వచ్చాడు. ఇతను ముందుగా కంట్రోల్ బోర్డు మీద మెరుస్తున్న చిన్న లైటు చూసి, అది ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి, ప్యానెల్ లోపల అంటించిన కోడ్ పట్టికతో పోల్చాడు. ఫ్లేమ్ సెన్సర్. పెన్సిల్ కన్నా సన్నటి లోహపు కడ్డీ, ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. మంట వెలిగిందని బోర్డుకి చెప్పడమే దాని పని. దాని మీద తెల్లటి పొర పేరుకుంటే మంట ఉన్నా లేనట్టే అనుకుని బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. మంట అంటుకుని వెంటనే ఆరిపోవడానికి అదే కారణం. కడ్డీ తీసి సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్ది పెట్టాడు. ఫర్నేస్ నిలబడింది.

మేం అడగకుండానే హీట్ ఎక్స్‌ఛేంజర్ లోపలికి కెమెరా దూర్చి, మా ముందే స్క్రీన్ మీద మూలమూలా చూపించాడు. ఎక్కడా పగులు లేదు. వెంట్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కొలిస్తే సున్నా. మొత్తం బిల్లు 180 డాలర్లు.

హీట్ ఎక్స్‌ఛేంజర్లు నిజంగా పగులుతాయి, ముఖ్యంగా పాతబడిన వాటిల్లో. అప్పుడు అది ప్రాణాల మీదకొచ్చే విషయమే. అందుకే ట్యాగ్ వేశాక మీరే తిరిగి ఆన్ చేయకండి, రెండో టెక్నీషియన్ చూసేదాకా ఆగండి. కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అలారం మోగితే మాత్రం ఆలోచించకుండా అందరూ బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి. అలాంటిదేమీ లేనప్పుడు, మీ ఫర్నేస్‌లో మీ కళ్ల ముందు తీసిన వీడియో అడగండి. ప్యానెల్ లోపలి మోడల్, సీరియల్ నంబర్లు రాసుకుని తయారీ కంపెనీకి ఫోన్ చేసి వారంటీ కనుక్కోండి. హీట్ ఎక్స్‌ఛేంజర్‌కి 20 ఏళ్లో, లైఫ్‌టైమో వారంటీ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. రిజిస్టర్ చేయకపోయినా, ఇల్లు చేతులు మారినా అది తగ్గవచ్చు. లేబర్ ఖర్చు సాధారణంగా మనదే. మా దగ్గరికొచ్చిన మొదటి అతను వారంటీ మాటే ఎత్తలేదు.

ఇక్కడ మనకు కావాల్సింది ఒక్కరోజు గడువు. ఆ గడువు లేకుండా చేయడమే వాళ్ల పద్ధతి. కాబట్టి రెండు ఎలక్ట్రిక్ హీటర్లు ముందే కొని ఉంచుకోండి. 1,500 వాట్ల హీటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ కార్డు వద్దు. రెండూ ఒకే సర్క్యూట్ మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది. దుప్పట్లు, కర్టెన్లు మూడడుగుల దూరంలో ఉండాలి. గ్యాస్ స్టవ్ వెలిగించి ఇల్లు వేడి చేయడం, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టడం అసలే వద్దు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇది తప్పకుండా చెప్పండి, ఇక్కడి ఇళ్లు గాలి చొరకుండా మూసి ఉంటాయి. బయటి గోడ వైపున్న కుళాయిలు సన్నగా కారేలా వదిలి, సింకు కింది తలుపులు తెరిచి ఉంచితే పైపులు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

ఎవరినైనా పిలిచే ముందు ఫిల్టర్ మూసుకుపోయిందేమో, బ్రేకర్ పడిందేమో, ఫర్నేస్ పక్కనున్న స్విచ్ ఎవరైనా లైటు అనుకుని ఆపేశారేమో చూడండి. గోడలోంచి బయటికొచ్చే తెల్లటి ప్లాస్టిక్ పైపులు ఉంటే వాటికి మంచు అడ్డుపడిందేమో చూడండి. నిజంగానే కొత్తది వేయించాల్సి వస్తే కనీసం ఇంకో రెండు కొటేషన్లు తీసుకోండి. మిషిగన్‌లో ఈ పని చేసే కాంట్రాక్టర్‌కి రాష్ట్ర మెకానికల్ లైసెన్స్ ఉండాలి, అది ఆన్‌లైన్‌లోనే సరిచూసుకోవచ్చు. పర్మిట్ అక్కర్లేదు అనేవాళ్లకి పని ఇవ్వకండి.

మా 129 డాలర్లు ఇంకా వెనక్కి రాలేదు. ఐదు బర్నర్ల ఫోటోని మా ఆవిడ అప్పుడే తన ఫోన్‌తో తీసి పెట్టింది. ఆ ఫోటో, రెండో టెక్నీషియన్ రిపోర్టు జతచేసి స్టేట్ అటార్నీ జనరల్ ఆఫీసులో కంప్లైంట్ పెట్టాం. మీలో ఎవరికైనా ఇలాగే జరిగితే కొటేషన్ కాగితం పారేయకండి, మీరూ కంప్లైంట్ పెట్టండి.