ఆరేళ్ళుగా వాడిన మాజీ సైనికుల సహాయ విభాగం: ఒక విద్యార్థి సమీక్ష

నేను ఒడిశాలోని పర్లాకిమిడి వాడిని. ఇంటర్ పాసై 2001లో సైన్యంలో చేరి, సైన్యపు యంత్రాలు, వాహనాలు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో వాహనాల మెకానిక్‌గా 17 ఏళ్ళు పనిచేసి, నాయక్ హోదాలో ఉండగా స్వంత అభ్యర్థనపై విడుదలై 2018లో ఇంటికి వచ్చాను. మరుసటి ఏడు ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఏ.లో చేరి, అది పూర్తయ్యాక అక్కడే రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేశాను. ఈ ఆరేళ్ళలో ఆ విశ్వవిద్యాలయం ప్రాంతీయ కార్యాలయంలో ఉన్న మాజీ సైనికుల సహాయ విభాగానికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కపెట్టుకోలేదు గానీ, అక్కడి గుమాస్తా నా ముఖం చూడగానే నా ఫైలు కోసం బీరువా వైపు తిరిగేంత పరిచయం ఏర్పడింది. సంస్థ పేరు రాయడం లేదు; నేను చూసిన లోటుపాట్లు ఆ ఒక్క చోటివే అని అనుకోవడం లేదు కనుక. ఐదు మార్కులకు వేయమంటే రెండున్నర వేస్తాను. అందులోనూ రెండు మార్కులు ఆ విభాగం బోర్డు మీద ఎక్కడా రాయని ఒక పనికి పడతాయి.

విభాగం అంటే పెద్ద గదిని ఊహించుకోవద్దు. మెట్ల కింద ఒక ఇనుప బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు మూడు భాషల్లో బోర్డు. మొదటిసారి వెళ్ళినప్పుడు డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు), మాజీ సైనికుల సంక్షేమం చూసే సైనిక్ బోర్డు ఇచ్చిన గుర్తింపు కార్డు, వాటి నకళ్ళు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో సర్దుకుని, పల్టన్‌లో తనిఖీకి నిలబడ్డట్టే నిలబడ్డాను. గుమాస్తా మంచివాడే, వయసులో నాకంటే చిన్నవాడు. డిశ్చార్జ్ బుక్కు తెరిచి చూసి, "మీ నాన్నగారు ఏ సంవత్సరంలో రిటైరయ్యారు, ఆజ్ఞా?" అని ఒడియా మర్యాదతో అడిగాడు. అది మా నాన్నది కాదు, నాదే అన్నాను. అతను ఫోటో వైపు, నా వైపు రెండుసార్లు చూసి, ఫారం నా ముందుకు జరిపాడు. అందులో ఉన్న గడి ఒక్కటే: "మాజీ సైనికుల సంతానం / వితంతువు". నేను సంతానాన్ని కాను, మా ఆవిడ వితంతువు కాదు, బతికి ఎదురుగా కూర్చున్న మాజీ సైనికుడికి ఆ కాగితం మీద చోటు లేదు. చివరికి అతను పెన్సిలుతో అంచున "స్వయం" అని రాసి, పైవాళ్ళు ఏమంటారో చూద్దాం అన్నాడు. పైవాళ్ళ జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది, ఈలోగా ఆలస్య రుసుముతో ప్రవేశం తీసుకోవలసి వచ్చింది.

ఆ ఒక్క గడే ఈ ఆరేళ్ళ అనుభవానికి మూలమని తరువాత అర్థమైంది. మన దేశంలో మాజీ సైనికుల చదువు పేరిట ఉన్న ఏర్పాట్లలో ఎక్కువ భాగం సైనికుడిని తండ్రిగానే చూస్తాయి. కేంద్రీయ సైనిక్ బోర్డు నడిపే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పు 2006-07లో మొదలైంది; ఏటా 5,500 మందికి, ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయల చొప్పున ఇస్తారు. అది పిల్లలకూ వితంతువులకూ మాత్రమే, అదీ వృత్తి విద్యా కోర్సులకే. రక్షామంత్రి సంక్షేమ నిధి నుంచి హవల్దారు హోదా వరకు ఉన్నవారికి వచ్చే నెలవారీ విద్యా సాయం కూడా ఇద్దరు పిల్లల వరకే, లేదా పీజీ చదివే వితంతువుకే. ఇవి తప్పు అని నా అభిప్రాయం కాదు. మా అమ్మాయి నర్సింగులో చేరినప్పుడు ఇదే బల్ల ముందు, ఇదే గుమాస్తా, ఏ కాగితం ముందు, ఏది వెనుక, సైనిక్ బోర్డు సంతకం ఎక్కడ కావాలి, ఆన్‌లైన్‌లో ఏ ఫోటో ఎంత సైజులో ఎక్కించాలి అని అరగంటలో తేల్చేశాడు. ఆ రోజు అతని పనితనం చూస్తే ముచ్చటేసింది. తనకు ఫారం ఉన్న పనిని అతను చక్కగా చేస్తాడు, లేని పనికి పెన్సిలు వెతుక్కుంటాడు.

పదిహేనేళ్ళు సర్వీసు చేస్తే డిగ్రీ ఉన్నట్టే కదా, మళ్ళీ చదవడం ఎందుకు అని మా వీధిలో ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. ఆ మాటకు ఆధారం 1986 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు. పదో తరగతి పాసై, కనీసం 15 ఏళ్ళు సైన్యంలో పనిచేసిన మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ఉద్యోగాలకు, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని చోట, అర్హుడిగా పరిగణించవచ్చని అది చెబుతుంది. అది ఉద్యోగ నియామకానికి సంబంధించిన సడలింపు. చదువుకు సంబంధించిన పట్టా కాదు. దాన్ని పట్టుకుని ఎం.ఏ.కు వెళితే ప్రవేశాల గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతారు. నాతోపాటు వచ్చిన ఒక సుబేదారు గారు ఇలాగే తిరిగి వెళ్ళారు. ఆయనకు ఈ ముక్క ఇంట్లో ఉండగానే ఎవరైనా చెప్పి ఉంటే రోజంతా బస్సులో గడిపే శ్రమ తప్పేది. సహాయ విభాగం గోడ మీద ఉండవలసిన మొదటి మాట ఇదే, కానీ అక్కడ ఉన్నది పరీక్ష రుసుము చెల్లించే క్యూఆర్ కోడ్.

ఇంజిను విప్పి బిగించడం, పని పత్రాలు నింపడం, కొత్త కుర్రాళ్ళకు శిక్షణ ఇవ్వడం ఇన్నేళ్ళూ చేసిన నాకు డిగ్రీలో లెక్కకు వచ్చే క్రెడిటు ఒక్కటీ కలవలేదు. 2021లో విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్ ఖాతాలో జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది, నేనూ అందులో ఖాతా తెరిచాను. బ్యాంకు ఉంది గానీ నా డబ్బు ఏ దేశపు నోట్లలో ఉందో అక్కడ ఎవరికీ తెలియలేదు. ట్రేడు పరీక్షల సర్టిఫికెట్లు ఎవరికి చూపాలి, వాటిని ఎవరు బేరీజు వేయాలి అని రెండుసార్లు లిఖితపూర్వకంగా అడిగాను. రెండుసార్లూ "పరిశీలనలో ఉంది" అనే జవాబే వచ్చింది. నా తరువాత రాబోయేవారికి పరిస్థితి వేరుగా ఉండవచ్చు. 2022లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు, అగ్నివీరుల కోసం ప్రత్యేకంగా రూపొందించే మూడేళ్ళ డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే లెక్కిస్తామని విద్యాశాఖ చెప్పింది. తొలి జట్లు శిక్షణలో చేరింది 2022 చివరిలో, 2023 మొదట్లో. నాలుగేళ్ళు నిండాక నాలుగో వంతు మందిని మాత్రమే ఉంచుకుంటారు, మిగిలినవారు ఇరవైల వయసులోనే, పింఛను లేకుండా, సేవానిధి పేరిట ఒకేసారి ఇచ్చే సొమ్ముతో బయటికి వస్తారు. వారికి మాజీ సైనికుల హోదా కూడా ఉండదు. మెట్ల కింద బల్ల దగ్గర ఆ కుర్రాళ్ళను ఏ గడిలో రాస్తారో నాకు ఊహకు అందడం లేదు.

అమెరికాలో ఈ పని వేరే తీరులో జరుగుతుంది. అక్కడ మాజీ సైనికుల చదువుకు సాయమిచ్చే 1944 నాటి జీఐ బిల్లు అనే చట్టం నుంచి సైనికుడే విద్యార్థి. 2009లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం కింద పూర్తి అర్హత ఉన్నవారికి సాధారణంగా 36 నెలల వరకు ఫీజు, ఇంటి అద్దె భత్యం, పుస్తకాల ఖర్చు అందుతాయి. ఆ సాయంతో చదివేవారిని చేర్చుకునే ప్రతి విద్యాసంస్థలోనూ ఆ విద్యార్థి ఎన్ని క్రెడిట్లు చదువుతున్నాడో ప్రభుత్వానికి ధ్రువీకరించే ఉద్యోగి ఉంటాడు. అంత డబ్బు మన దగ్గర లేదనే వాదనను ఒప్పుకుంటాను. ఆ ధ్రువీకరించే ఉద్యోగిని పెట్టడానికి మాత్రం డబ్బు అడ్డం కాదు, ఒక మనిషికి ఆ పని అప్పగిస్తే చాలు.

ఇక రెండు మార్కుల సంగతి. ఆదివారం సంప్రదింపు తరగతులకు పక్క ఊరి కాలేజీ నుంచి ఒక అధ్యాపకురాలు వచ్చేవారు. మొదటి సెమిస్టరులో నేను రాసిన అసైన్‌మెంటు మూడు వందల మాటలకు బదులు అరవై మాటల్లో ముగిసింది. వర్క్‌షాపులో పదిహేడేళ్ళు పెద్దక్షరాల్లో "క్లచ్ ప్లేటు అరిగింది, మార్చబడింది" అని రాసిన చేతికి అంతకు మించి రాదు. ఆవిడ మార్కులు కోసేయకుండా నన్ను పిలిచి, గేరు పడని బండి మీ దగ్గరికి వస్తే ఏం చేస్తారని అడిగారు. డ్రైవరును లక్షణం అడుగుతాను, బండి నడిపి చూస్తాను, రెండు మూడు కారణాలు అనుకుంటాను, ఒక్కొక్కటే కొట్టేస్తాను, మిగిలినదాన్ని విప్పి చూస్తాను అన్నాను. "పంచాయతీరాజ్ ఎందుకు సరిగా నడవడం లేదు అన్న ప్రశ్నకూ అలాగే రాయండి, బాబు గారూ" అన్నారు. అప్పటి నుంచి ప్రతి జవాబునూ నేను అలాగే విప్పాను. ఎం.ఏ.లో నాకు వచ్చిన ప్రథమ శ్రేణిలో సగం ఆ ఐదు నిమిషాలదే. ఆవిడ సహాయ విభాగంలో సభ్యురాలు కారు, సైనికులతో పనిచేయడానికి శిక్షణ పొందినవారు కారు. వారానికి ఒక పూట వచ్చి వెళ్ళే అతిథి. ఆ విభాగం ఏటా వేసే నివేదికలో ఈ సాయానికి ఏ పద్దూ లేదు.

భాష విషయంలో నాకు కొంత కలిసివచ్చిందనే చెప్పాలి. మా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బారక్‌లో హిందీ. పరీక్షలు హిందీలో రాసే అవకాశం ఉండటంతో దాన్ని ఎంచుకున్నాను. ఆ హిందీ కాస్తా పల్టన్ హిందీ అని మొదటి జవాబు పత్రంలోనే తేలిపోయింది: ఆజ్ఞలకు సరిపోతుంది, వాదానికి సరిపోదు. పాఠాలను ముందు తెలుగులో రాసుకుని, తరువాత హిందీలోకి మార్చుకునేవాణ్ణి. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠం చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని ఆయన వాదించి నూరేళ్ళు దాటినా, ఆయన ఊరి మాజీ సైనికుడు రాజ్యాంగాన్ని మూడు భాషల మీదుగా నడిచి చేరుకోవలసి వచ్చింది. ఇది విభాగం తప్పు కాదు. అయినా నోట్సు తెలుగులో ఎక్కడ దొరుకుతాయో చెప్పే ఒక్క కాగితమైనా అక్కడ పెట్టి ఉండవచ్చు.

వినికిడి గురించి కూడా రాయాలి, ఇది చాలామంది దాచుకునే విషయం. ఇంజిన్ల మోతలో నా ఎడమ చెవి మందగించింది. విడుదల సమయంలో వైద్య బోర్డు ఒక శాతం రాసి ఇచ్చింది. ఆ శాతం నా పింఛను కాగితాలకు పనికొచ్చింది గానీ విశ్వవిద్యాలయం అడిగింది సివిల్ ఆసుపత్రి ద్వారా వచ్చే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ కావాలంటే కనీసం 40 శాతం లోపం ఉండాలి, నాది అంత లేదు. ఆ రిజర్వేషన్ నాకు రాదు, ఫిర్యాదూ లేదు. నేను అడిగింది పరీక్ష హాలులో ముందు బల్ల ఒక్కటే. మొదటి రెండుసార్లు అది కుదరలేదు. వెనుక వరుసలో కూర్చున్నప్పుడు ప్రశ్నపత్రంలో నాలుగో ప్రశ్న అచ్చు తప్పు అని మెల్లగా చెప్పిన సవరణ నాకు వినబడక, తప్పు ప్రశ్నకే పావుగంట సేపు జవాబు రాశాను. తరువాత గుమాస్తాతో చెప్పుకుంటే, అతను పరీక్ష కేంద్రానికి ఫోను చేసి సరిచేశాడు. మిగిలిన అర మార్కు ఆ ఫోనుకే.

చేరదలచిన వారికి నా సలహా: డిశ్చార్జ్ బుక్కులో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి, ఇంటిపేరు ఒక చోట పొడి అక్షరంగా, మరో చోట పూర్తిగా ఉంటే ముందుగా అఫిడవిట్ చేయించుకోండి. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి. శనివారం మధ్యాహ్నం తరువాత ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. ఇంకా సర్వీసులో ఉన్నవారైతే, చివరి రెండేళ్ళలో పునరావాస డైరెక్టరేటు ఇప్పించే కోర్సుల గురించి యూనిట్‌లోనే అడగండి, జవాన్లకు వాటికి ఫీజు ఉండదు; బయటికొచ్చాక ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోదు.

పోయిన నెలలో పట్టా కోసం వెళ్ళినప్పుడు కొత్త ఫారాలు వచ్చి ఉన్నాయి. రంగు మారింది, క్యూఆర్ కోడ్ చేరింది, గడి మాత్రం అలాగే ఉంది: సంతానం / వితంతువు. గుమాస్తా బల్ల సొరుగులోంచి ఒక రబ్బరు స్టాంపు తీసి చూపించాడు. తన డబ్బుతో బరంపురంలో చేయించాడట. దాని మీద "స్వయం" అని ఉంది.